ఇరవై ఏళ్ళకు తిరిగివచ్చిన జబ్బు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరగా, మన గోదావరి సీమకూ మా ఇంటికీ సంబంధించిన కొన్ని మందుల చరిత్ర రాస్తున్నాను.

1999లో మా అక్కయ్యకు రొమ్ము కాన్సర్ అని తేలింది. అప్పుడామెకు 52 ఏళ్ళు. సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు తీసుకువెళ్ళి ఆపరేషన్ చేయించాం. తరువాత ఎక్కించిన మూడు మందులలో ఒకటి మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకొన్న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు అది. ఆయన 1948లోనే కన్నుమూశారు. ఆ మూడు మందుల వైద్యం ఫలితాలను ఇటలీకి చెందిన డాక్టర్ బొనడోనా 1976లో ప్రకటించారు.

ఈ జబ్బుకు మరో వైద్యం ఇంకా పాతది. 1896లో గ్లాస్గో సర్జన్ బీట్సన్, అండాశయాలు తీసివేస్తే కొందరిలో రొమ్ము గడ్డలు తగ్గాయని ప్రకటించారు. స్త్రీ హార్మోనే ఆ గడ్డలకు ఆహారమని తరువాత తెలిసింది. దానిని అడ్డుకొనే టామోక్సిఫెన్ మాత్ర 1970లలో వాడుకలోకి వచ్చింది. అక్కయ్య అయిదేళ్ళు వాడింది. గండం గడిచిందని అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకొన్నాం.

2019లో ఆమెకు నడుము నొప్పి మొదలైంది. వయసు నొప్పి అనుకొని మూడు నెలలు తైలం రాశాం. పాత ఆపరేషన్ సంగతి ఎముకల డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. చివరకు స్కానింగులో జబ్బు వెన్నుపూసలకు పాకిందని తేలింది. ముక్క తీసి పరీక్షిస్తే పాత హార్మోను జాతి జబ్బే.

"72 ఏళ్ళ మనిషిని ఇంకా ఎందుకు హింస పెట్టడం?" అన్నారు బంధువులు. నాకూ అదే అనిపించింది. కాన్సర్ డాక్టరు గారు మాత్రం, పూర్తిగా నయం కాకపోయినా అదుపులో ఉంచవచ్చనీ, ముందుగా సెలైన్‌లో ఎక్కించే మందులు అక్కర్లేదనీ చెప్పారు. ముట్లుడిగాక కూడా ఒంట్లో కొవ్వు వగైరాలలో కొంత హార్మోను తయారవుతుంది. దానిని ఆపే లెట్రజోల్ రోజుకొక మాత్ర, ఎముకల బలానికి ఇంజక్షను, నొప్పికి కొద్దిరోజుల రేడియేషను ఇచ్చారు.

"మాత్రే కదరా, వేసుకుంటాను" అంది అక్కయ్య. ఆ ఏడు సంక్రాంతికి తానే అరిసెల పాకం పట్టింది.

ఇలాంటి హార్మోను జాతి జబ్బుకు అయిదేళ్ళు మాత్రలు వాడిన 62,923 మంది వివరాలు 2017లో వెలువడ్డాయి. జబ్బు తిరగబెట్టడం ఇరవయ్యో ఏడు వరకూ సాగుతూనే ఉన్నదని వాటి సారాంశం. కనుక పాత ఆపరేషన్ కాగితాలు పారవేయకండి. తగ్గని ఎముక నొప్పి, ఆయాసం, కొత్త గడ్డ కనిపిస్తే ఆ కాగితాలతోనే డాక్టరు వద్దకు వెళ్ళండి. వయసు మీద పడిందన్న ఒక్క కారణంతో వైద్యం మానిపించవద్దని నా మనవి.