కోలుకొన్న వార్తయే కొంప ముంచినది

ఎందరికో ఒక్కసారిగా సేవచేయు సర్వరు యంత్రములలో ప్రోగ్రాము ఆగిపోయినచో, దానిని కనిపెట్టి మరల నడిపించు పనిని నేడు మరియొక ప్రోగ్రామే నిర్వహించుచున్నది. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. దీని బాల్యము చాలవరకు టెలిఫోను ఎక్స్ఛేంజీలలో గడచినది.

1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, సక్కసున్నా అను ఊరిలో బెల్ సంస్థవారు ప్రోగ్రాముతో నడచు ఎక్స్ఛేంజిని నెలకొల్పిరి. 40 సంవత్సరములలో అది మొత్తము 2 గంటలకు మించి ఆగరాదని వారి సంకల్పము. అందులకై రెండు గణకయంత్రములను జంటగా కట్టి, ఒకే పనిని రెండింటిచేత చేయించి, ఫలితములను పోల్చు ఏర్పాటు చేసిరి. ఫలితములు కలియనిచో తప్పిన యంత్రమును గుర్తించి, ప్రక్కకు తప్పించి, రెండవదానితో పని సాగించునది ప్రోగ్రామే. కొట్టులో లెక్కలు వ్రాయు గుమాస్తా ప్రక్కన మరియొక గుమాస్తాను కూర్చుండబెట్టిన చందము.

ఇట్టి జంట ఏర్పాటు ఉండియు, 1990 జనవరి 15వ తేదీన అదే దేశమున ఏ.టి. అండ్ టి. సంస్థవారి దూరపు టెలిఫోను వ్యవస్థకు సంభవించిన ఆపద విచిత్రమైనది. న్యూయార్కులోని ఎక్స్ఛేంజి తనలో ఒక లోపమును కనిపెట్టి, తనకు పిలుపులు పంపవలదని పొరుగు ఎక్స్ఛేంజీలకు తెలిపి, కొలది సెకండ్లు ఆగి, తన్ను తాను చక్కదిద్దుకొని మరల పనిలో ప్రవేశించినది. అంతవరకు సవ్యమే. అది తిరిగి పిలుపులు పంపగానే, కోలుకొన్నదని పొరుగు ఎక్స్ఛేంజి తన పట్టికలో వ్రాసికొనవలెను. ఆ వ్రాత ముగియకమునుపే, సెకండులో సుమారు నూరవ వంతు వ్యవధిలో, రెండవ సందేశము వచ్చిపడినచో పట్టిక చెడిపోవుచుండెను. అంతట ఆ పొరుగుదియు ఆగి, కోలుకొని, మరల పిలుపులు పంపుచుండెను. దాని పొరుగువానికిని అదే గతి! జంటలోని రెండవ గణకము ఆదుకొనలేకపోయినది. దానిలోనున్నదియు అదే ప్రోగ్రాము గదా.

114 ఎక్స్ఛేంజీలలోను ఆ ప్రోగ్రామే ఉండుటచే, సుమారు 9 గంటలపాటు దూరపు పిలుపులలో ఇంచుమించు సగము గమ్యము చేరలేదు. దుండగులెవరో చొరబడిరని అనుమానించినవారును లేకపోలేదు. వాస్తవమునకు, కోలుకొనుటను త్వరితపరచుటకై కొలది వారములకు ముందు డిసెంబరులో చేర్చిన సవరణలో ఒక్క ఆజ్ఞ తప్పుచోట పడినది. వ్యాధికంటె స్వస్థతయే అంటుకొన్నదనవలెను. ఇంజనీర్లు సందేశముల రద్దీని తగ్గించిన పిమ్మట గాని ఎక్స్ఛేంజీలు నిలద్రొక్కుకొనలేదు. తరువాత పాత ప్రోగ్రామునే మరల ఎక్కించిరి.

స్వీడను దేశమున ఎరిక్సన్ సంస్థలో జో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభృతులు 1986 ప్రాంతమున ఆరంభించిన ఎర్లాంగ్ అను ప్రోగ్రాము భాష వేరొక త్రోవ పట్టినది. అందు పనిని అసంఖ్యాకములైన చిన్న భాగములుగా విడదీయుదురు; ఒకదాని జ్ఞాపకమును మరియొకటి తాకజాలదు. ఏదేని కూలినచో పర్యవేక్షక భాగము దానిని క్రొత్తగా మొదలిడును. కాని నియమిత కాలములో నియమిత సంఖ్యకు మించి కూలినచో ఇక లేపదు. తానును విరమించి, పై పర్యవేక్షకునకు ఆ భారమును విడుచును.