గెట్, పడు, పడ్‌నా: తార్నాకలో కలిసిన మూడు క్రియల పుట్టుపూర్వోత్తరాలు

ఏ భాషలోనైనా జనం నోట ఎక్కువగా నలిగే క్రియలకే అర్థాలు ఎక్కువగా ఉంటాయన్నది నిఘంటువులు కూర్చేవారికి చిరకాలంగా తెలిసిన సంగతి; అమెరికా పండితుడు జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ 1945లో దీనిని లెక్కలతో చూపి, మాట వాడుక పెరిగేకొద్దీ దాని అర్థాల సంఖ్యా పెరుగుతుందని సూత్రీకరించాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులు మూడో కూర్పు కోసం 'రన్' అనే చిన్న క్రియను సవరించినప్పుడు, ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయని 2011లో వెల్లడైంది. ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఎలా ఇమిడాయన్న ప్రశ్నకు నిఘంటువులోని వరుస సంఖ్యలు జవాబు చెప్పవు, ఎందుకంటే అవి అర్థాలను విడదీసి చూపుతాయే గాని ఒకదాని నుంచి మరొకటి పుట్టిన తీరును చూపవు. ఆ తీరు తెలియాలంటే క్రియ పుట్టుకనూ ప్రయాణాన్నీ వెదకాలి. ఆ వెదుకులాటకు హైదరాబాదులోని తార్నాక, దానిని ఆనుకుని ఉన్న విశ్వవిద్యాలయ ప్రాంగణం ఎంతో తగిన చోటు.

తీగ అని అర్థమిచ్చే 'తార్', తనిఖీ జరిగే చోటు అని అర్థమిచ్చే 'నాకా' కలిసి తార్నాక అయిందని స్థానికులు చెబుతారు. దాని పక్కనే 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించి, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా నేర్పింది. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం 1958లో హైదరాబాదులో నెలకొన్న కేంద్రీయ ఆంగ్ల సంస్థ 1972లో విదేశీ భాషలనూ కలుపుకొని సీఫెల్‌గా, 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా రూపొందింది. ఇఫ్లూ అని అందరూ పిలిచే ఆ విద్యాలయం ఉస్మానియా ప్రాంగణం పొరుగునే ఉన్నది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ బాధ్యతలు చేపట్టిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి, అంతకు ముందు ఏడాదే 'తెలుగు వెర్బల్ బేసెస్' అనే ఉద్గ్రంథాన్ని వెలువరించి, తెలుగు క్రియాధాతువులను సోదర ద్రావిడ భాషల ధాతువులతో పోల్చి వాటి మూలరూపాలను నిర్ణయించారు. ఆ విధంగా ఇంగ్లీషు క్రియను నేర్పే విద్యాలయమూ, తెలుగు క్రియను శోధించిన శాఖా, ఉర్దూ క్రియ పాఠాలలో వినిపించిన తరగతి గదులూ పొరుగు పొరుగున నిలిచాయి.

ఇంగ్లీషులో అతి సామాన్యమైన క్రియలలో 'గెట్' ఒకటి, అయితే అది ఇంగ్లండులో పుట్టిన మాట కాదు. 9వ శతాబ్దం నుంచి ఉత్తర, తూర్పు ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా వాసుల ప్రాచీన నార్స్ భాషలో 'గెటా' అంటే పొందు, చేజిక్కించుకొను అని అర్థం; గుడ్డుకు 'ఎగ్', ఆకాశానికి 'స్కై', తీసుకొనుటకు 'టేక్' వచ్చిన దారినే 'గెట్' కూడా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇదే ధాతువు ప్రాచీన ఇంగ్లీషులోనూ ఉన్నా విడిగా నిలవక, సంతానాన్ని కను అనే అర్థంలో నేడు మిగిలిన 'బిగెట్', మరచిపోవు అని అర్థమిచ్చే 'ఫర్‌గెట్' వంటి సమాసాలలో ఒదిగి ఉండేది. ఆనాటి ఇంగ్లీషులో ఇ, ఎ వంటి అచ్చుల ముందు గకారం యకారంగా పలికేది కనుక, 'గెట్'లో నేటికీ గట్టిగా వినిపించే గకారం నార్స్ ప్రభావానికి సాక్ష్యంగా నిలిచింది.

ఇంకా వెనక్కి వెళితే, పట్టుకొను అని అర్థమిచ్చే ఒక ఇండో-యూరోపియన్ మూలధాతువు కనిపిస్తుంది; లాటినులోని 'ప్రెహెండెరే' దాని నుంచే పుట్టింది, ఆ లాటిను మాట నుంచే అర్థం చేసుకొను అనే 'కాంప్రిహెండ్' వచ్చింది. చేతితో పట్టుకోవడం మనసుతో పట్టుకోవడంగా మారడం తెలుగువారికి కొత్త కాదు, ఎందుకంటే తెలుగులో వాడే 'గ్రహించు' కూడా పట్టుకొను అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చినదే. బోధపడింది అనడానికి ఇంగ్లీషువారు 'ఐ గెట్ ఇట్' అనడం 20వ శతాబ్దంలో వ్యాపించిన వాడుకే అయినా, దానికి ఆధారమైన ఊహ అతి ప్రాచీనమైనది.

పొందడం అనే తొలి అర్థం నుంచి మిగతా అర్థాలు ఒక క్రమంలో సాగాయి. వస్తువును పొందడం నుంచి చోటును పొందడం, అంటే చేరుకోవడం వచ్చింది. చోటును చేరుకోవడం నుంచి స్థితిని చేరుకోవడం వచ్చి, ముసలితనం రావడానికి 'గెట్ ఓల్డ్' అనే ప్రయోగం ఏర్పడింది. ఆ స్థితి ఇతరుల చేతలవల్ల కలిగినప్పుడు, 17వ శతాబ్దం నుంచి, 'గెట్ బీటెన్' వంటి కర్మణి ప్రయోగం మొదలైంది. చేసేవాడిని పక్కకు ఉంచి, ఫలితాన్ని అనుభవించే వస్తువునో మనిషినో కర్త స్థానంలో నిలిపే వాక్యరచనకే కర్మణి ప్రయోగమని పేరు. పొందిన వస్తువు దగ్గర ఉంటుంది కనుక 'హావ్ గాట్' కలిగి ఉండడాన్ని చెప్పింది, 19వ శతాబ్దం నాటికి 'హావ్ గాట్ టు' తప్పనిసరితనాన్నీ చెప్పసాగింది. సొంత అర్థం గల మాట ఈ విధంగా క్రమంగా వ్యాకరణపు పనిముట్టుగా మారడాన్ని ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యే 1912లో వ్యాకరణీకరణ అనే అర్థం గల పేరుతో వివరించాడు.

తెలుగులో ఈ దారికి చాలా దగ్గరగా నడిచిన క్రియ 'అందు'. ఉత్తరం అందింది అంటే చేరింది, అటక అందదు అంటే చేయి చేరదు, రైలు అందింది అంటే సమయానికి దొరికింది, మాట అందలేదు అంటే బోధపడలేదు. ఈ నాలుగింటినీ ఇంగ్లీషు వాడుక 'గెట్'తోనే నెట్టుకొస్తుంది. అయినా తెలుగు విద్యార్థికి 'గెట్' కష్టంగా తోచడానికి ముఖ్య కారణం దానికి తోడు వచ్చే 'అప్', 'ఓవర్', 'అలాంగ్' వంటి చిన్న మాటలు. క్రియకు ఇలాంటి మాట చేరి అర్థం మారిపోవడం విదేశీయులను మిక్కిలి ఇబ్బంది పెడుతుందని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. 1930లో ఇంగ్లీషును 850 మాటలకు కుదించి 'బేసిక్ ఇంగ్లీషు' రూపొందించిన సి. కె. ఆగ్డెన్ అందులో పద్దెనిమిది క్రియలను మాత్రమే ఉంచాడు, వాటిలో 'గెట్' ఒకటి. అయితే మాటల సంఖ్య తగ్గినా ఒక్కొక్క మాట మోసే అర్థాల బరువు తగ్గలేదు. ఢాకాలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సుమారు రెండు వేల మాటల జాబితాలో, ఏ అర్థం ఎంత తరచుగా వస్తుందో శాతాలలో చూపడం ఈ లోటును గుర్తించి చేసిన మంచి పని.

తెలుగులో 'గెట్' స్థాయిలో అర్థాలను మోసే క్రియల్లో 'పడు'ది ముందు వరుస. తమిళం, మలయాళం, కన్నడాలలో సోదర రూపాలున్న ఈ ద్రావిడ ధాతువుకు పై నుంచి కిందికి జారడం మూలార్థం. సూర్యుడు వాలే దిక్కును తెలుగు 'పడమర' అనడంలో, కన్నడం 'పడువణ' అనడంలో ఆ మూలార్థమే నిలిచి ఉన్నది. వాన పడడం, ఎండ పడడం, ఖాతాలో జీతం పడడం ఆ మూలార్థపు కొనసాగింపులే. వలలో పడడం, అప్పుల్లో పడడం, మంచాన పడడం దగ్గరికి వచ్చేసరికి పడిన చోటు స్థితిగా మారింది. మాట పడడం, బాధపడడం, సిగ్గుపడడం, భయపడడంలో ఆ స్థితి అనుభవమైంది. కిలో ఎంత పడింది అన్నప్పుడు ధరనూ, ఆ మందు పడదు అన్నప్పుడు ఒంటికి సరిపోకపోవడాన్నీ, ఇద్దరికీ పడదు అన్నప్పుడు పొత్తు కుదరకపోవడాన్నీ ఈ క్రియే చెబుతుంది. 'గెట్ అలాంగ్' అనే ఇంగ్లీషు ప్రయోగానికి ఈ చివరిదానికంటే చక్కని తెలుగు దొరకదు.

ఈ అర్థాలన్నింటినీ ఒక దారంలా కలిపేది కర్త చేతిలో లేకుండా జరగడమనే లక్షణం. పండు కావాలని పడదు, మనిషి కోరి బాధపడడు, అందుకే కావాలని చేసే పనిని చెప్పడానికి తెలుగు మరో క్రియను జతగా నిలిపి, భయపడు, భయపెట్టు, బయటపడు, బయటపెట్టు, ఏర్పడు, ఏర్పరచు అని జంటలను కూర్చుకున్నది. మీద పడడంలోని వేగం నుంచి ఎగబడు, తిరగబడు, కలబడు వంటి పోరాటపు మాటలు రాగా, కష్టపడు అనే మాట దుఃఖం అనుభవించడం నుంచి ఇష్టంగా శ్రమించడం వరకు నడిచి, కష్టపడి చదివాడు అన్నప్పుడు మెచ్చుకోలుగా మారింది. చేతిలో లేనిదాన్ని చెప్పే క్రియ చివరికి మనిషి పూనికకు పేరు కావడం ఈ చరిత్రలో అందరూ గమనించవలసిన మలుపు.

వ్యాకరణపు పనిముట్టుగా మారడంలోనూ 'పడు' 'గెట్'కు తీసిపోలేదు. 'చేయన్' అనే రూపం చివరి నకారాన్ని తెలుగు వ్యాకరణం ద్రుతమంటుంది; ద్రుతం తరువాత వచ్చే క, చ, ట, త, ప అనే పరుషాలు గ, జ, డ, ద, బ అనే సరళాలుగా మారడాన్ని సరళాదేశమంటుంది. ఆ ప్రకారమే చేయన్, పడు కలిసి 'చేయంబడు', అది తేలికపడి 'చేయబడు' అయింది. కనబడు, వినబడు అనే మాటలలోనూ ఇదే కలయిక ఉన్నది. కన్నడంలోని 'మాడల్పట్టిదె', తమిళంలో క్రియలకు చేరే 'పడు' కూడా ఈ కర్మణి పనినే చేస్తాయి కనుక ఇది ఇంగ్లీషును చూసి తెలుగు నేర్చుకున్న పద్ధతి కాదని స్పష్టమవుతుంది. అయితే ఇంగ్లీషులో 'గెట్'తో వచ్చే కర్మణి మాటల్లో ఎక్కువగా వినిపిస్తుంటే, తెలుగులో 'బడు'తో వచ్చే కర్మణి రాతలో మాత్రమే కనిపిస్తుంది. కొట్టబడ్డాడు అని ఎవరూ మాట్లాడరు, దెబ్బలు తిన్నాడనే అంటారు. గది అద్దెకు ఇవ్వబడును అని గోడమీద రాసిన ఇంటివారు కూడా వచ్చిన విద్యార్థితో గది అద్దెకిస్తామనే చెబుతారు.

ఉర్దూలోని 'పడ్‌నా' ఈ రెండింటి నడుమ నిలిచే మూడో క్రియ. దాని మూలార్థమూ కింద పడడమే. జబ్బున పడడానికి ఉర్దూ 'బీమార్ పడ్‌నా' అంటుంది, వెళ్లక తప్పదనడానికి 'జానా పడేగా' అంటుంది, ఆ రెండో వాడుకలో అది 'హావ్ గాట్ టు' చేరిన మజిలీకే చేరింది. రూపమూ అర్థమూ ఇంత దగ్గరగా ఉన్నా తెలుగు 'పడు', ఉర్దూ 'పడ్‌నా' ఒక తల్లి బిడ్డలు కావు. ఉర్దూ మాట సంస్కృతంలోని 'పత్' ధాతువు నుంచి ప్రాకృతంలోని 'పడఇ' మీదుగా దిగింది. తెలుగులోనే 'పట్టు', 'పడు' కూడా వినడానికి బంధువుల్లా ఉన్నా, తమిళంలో 'పఱ్ఱు'గా కనిపించే వేరొక ధాతువు నుంచి 'పట్టు' వచ్చింది. పోలిక మాత్రమే చుట్టరికానికి రుజువు కాదనీ, ధ్వనుల మార్పులు అనేక మాటలలో ఒకే క్రమంలో జరిగాయని చూపినప్పుడే చుట్టరికం నిలుస్తుందనీ చెప్పే తులనాత్మక పద్ధతి విలువ ఇక్కడ తెలుస్తుంది. కృష్ణమూర్తి జీవితకాలపు కృషి ఆ పద్ధతి మీదనే నిలబడింది.

మూడు భిన్న చరిత్రలు గల క్రియలు ఒకే రకమైన మజిలీలను దాటడానికి కారణం మనుషుల అనుభవంలోనే ఉన్నది. పట్టుకోవడం, చేరడం, పడడం పసితనం నుంచీ ప్రతి ఒక్కరి శరీరానికీ తెలిసిన పనులు. కంటికి కనిపించని స్థితినీ, బాధ్యతనూ, బోధనూ చెప్పవలసి వచ్చినప్పుడు ఏ భాషైనా ఆ తెలిసిన పనుల పేర్లనే అరువు తెచ్చుకుంటుంది. కాబట్టి 'గెట్' అర్థాల పట్టికను కంఠస్థం చేయించడం కంటే, పొందడం నుంచి చేరడం, చేరడం నుంచి కావడం అనే దారిని చూపి, ఆ దారి పక్కనే 'అందు', 'పడు' నడిచిన అడుగులను కూడా చూపడం తెలుగు విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది. జిల్లాల నుంచి వచ్చి తార్నాక గదులలో ఉంటూ ఇంగ్లీషు నేర్చుకునే యువకుడు, జీతం పడడానికీ మాట పడడానికీ మధ్య దూరాన్ని ఎవరూ నేర్పకుండానే చిన్ననాటి నుంచి దాటుతూ వచ్చినవాడు. అతనికి కావలసింది ఆ నేర్పు ఇప్పటికే తన దగ్గర ఉన్నదన్న ఎరుక, ఆ ఎరుకను కలిగించే శక్తి అతని మాతృభాషకే ఉన్నది.