కాస్తు కాలం ఎటుపోయింది?

తెలంగాణ పల్లెల్లో భూమి చరిత్ర అంటే చాలావరకు పహాణీ చరిత్రే. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి పట్టాదారు పేరు ఒక గడిలో, భూమిని అనుభవిస్తున్న వాని పేరు ఇంకో గడిలో రాస్తూ వచ్చారు. ఈ రెండో గడినే జనం కాస్తు కాలం అన్నారు. రాసే కలం పట్వారీది, పట్వారీ దొర మనిషి. అయినా ఆ గడిలో పేరెక్కితే పేదోడు కచేరీలో నిలబడి కొట్లాడే ఆధారం దొరికేది.

దున్నేవారికి హక్కు కావాలన్న కొట్లాట పుట్టిన నేల ఇది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కాపాడుకున్నది కౌలు భూమినే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఈ రెండూళ్లూ ఇవాళ జనగామ జిల్లాలో ఉన్నాయి.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. లంచాలు పోతాయి, నిమిషాల్లో పని అయిపోతుందన్నారు. పట్టా ఉండి, తగాదా లేనివాళ్లకు అయింది కూడా. కానీ తెర మీద కాస్తు కాలం లేదు. అదే ఏడు వచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. తప్పు పడితే సివిల్ కోర్టుకు పోవాలె. కూలికి పోయేటోడు వకీలుకు పైసలు ఎక్కణ్ణుంచి తెస్తడు?

దెబ్బ ఎవరికి తగిలిందో చూద్దాం. ఉద్యమాల కాలంలో దొరలు పట్నాలకు పోతూ అమ్మిన భూములను దళిత, బహుజన కులాలు తెల్లకాగితాల మీద కొనుక్కున్నాయి. ఆ సాదాబైనామా భూములకు తెర మీద పాత పట్టాదారే యజమాని. నీరడి, సేత్‌సింధీ ఇనాములు వెట్టిచాకిరికి బదులు మన తాతలకు దక్కినవి. వాటికీ పట్టా పుస్తకం చేతికి రాలేదు. మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అటవీ, రెవెన్యూ శాఖల హద్దు తగాదాలో ఇరుక్కున్న భూములు 2017 ప్రక్షాళనలోనే పార్ట్-బిలో పడ్డాయి. 2018లో ఎకరానికి, పంటకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే పోయింది గాని కౌలుదారుకు రాలేదు.

కంప్యూటర్‌కు కులం లేదంటరు. నిజమే, యంత్రానికి లేదు. ఏ గడి ఉంచాలె, ఏ గడి తీసెయ్యాలె అని తేల్చే కాడ మాత్రం కులమూ ఉంది, వర్గమూ ఉంది. పట్వారీ తప్పు రాస్తే నిలదీయడానికి ఊళ్లో ఒక మనిషి ఉండేటోడు. లేని గడిని ఎవరిని అడగాలె?

2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆర్డీవోకు, కలెక్టర్‌కు అప్పీలు చేసుకునే దారి తెరుచుకుంది. మంచిదే. అయితే పోర్టల్ పేరు మారినంత మాత్రాన సరిపోదు. గడులు గీసేటప్పుడు దున్నేవాళ్లను, మాదిగ మాల వాడలను ముందే కూర్చోబెట్టి అడగాలి. వెనకటి కొట్లాట దస్తావేజు మీద పేరు కోసం. ఇప్పటిది ఆ పేరు రాయడానికి గడి కోసం.