మొగలి కంచెలు (గంజాం సీమ)

పొలం గట్ల మీద, తోటల చుట్టూ, ఇసుక దిబ్బల అంచున మొగలి పిలకలు నాటి పెంచే ముళ్ల కంచె ఇది. ఒడిశాలోని గంజాం జిల్లాలో, దానికి ఆనుకుని ఉన్న మన ఉద్దానంలో కనిపిస్తుంది. ఒడియాలో దీన్ని కియా అంటారు, అత్తరు వ్యాపారులు కేవడా అంటారు. శాస్త్రనామం పాండానస్ ఒడోరిఫర్.

1866లో, మళ్లీ 1889లో గంజాం సీమ కరువుతో అల్లాడింది. 19వ శతాబ్దం చివర రుషికుల్య కాలువలు వచ్చేదాకా సేద్యానికి చాలాచోట్ల చెరువులే దిక్కు, ఆ నీళ్లు వరికే చాలవు. అలాంటి చోట కడవెడు నీళ్లయినా అడగని మొక్కే కంచెగా నిలవగలదు. మొగలి సరిగ్గా అలాంటిదే. దాని ఆకు దళసరిగా, మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది కనుక తేమ త్వరగా ఆవిరవదు. ఊడలు ఇసుకనూ గట్టునూ గట్టిగా పట్టి ఉంచుతాయి. ముళ్లకు జడిసి పశువులు చేలోకి రావు.

పైగా ఆ కంచె ఆదాయమూ ఇస్తుంది. మొగలిలో ఆడ, మగ పొదలు వేరువేరు, పరిమళమంతా మగపువ్వుదే. వానాకాలంలో విరగబూసిన పూలను కోసి, రాగి పాత్రల్లో నీటితో మరిగించి రూహ్ (స్వచ్ఛమైన పూల తైలం), అత్తరు, కేవడా జలం తీస్తారు. గంజాం మొగలి పువ్వుకూ, రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు దక్కింది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఈ పొదలను తీవ్రంగా దెబ్బతీసింది.

నీళ్లు అంతగా అడగని ఇలాంటి పెంపకానికి ఇప్పుడో పేరుంది. అమెరికాలోని డెన్వర్ నీటి సరఫరా సంస్థ తక్కువ నీటితో పెరిగే తోటలకు 1981లో 'జెరిస్కేప్' అని పేరు పెట్టింది. గంజాం రైతు ఆ పేరు వినకుండానే ఆ పని చేశాడు. ప్రహరీ పక్కన పచ్చిక పరిచి రోజూ తడపడం కన్నా మొగలి కంచే మేలైన దారి. నాటేవారు తొలకరికి, పూసే మగపొద నుంచే పిలక తెచ్చుకోవాలి. ఆకుల అంచులు కోసుకుంటాయి కాబట్టి పిల్లలు తిరిగే బాటకు దూరంగా నాటండి.