200 యూనిట్లు దాటకుండా వేసవి చల్లదనం

వరంగల్: వేసవి ముదిరితే జిల్లాలో ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలకు విరామం ఉండదు. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. ఆ పరిమితి దాటితే మొత్తం బిల్లు కట్టవలసిందే. స్వల్ప జాగ్రత్తలతో ఈ భారాన్ని తప్పించుకోవచ్చు.

పైకప్పు: పగలంతా కాగిన స్లాబు రాత్రివేళ గదిలోకి వేడిని వదులుతుంది. డాబాపై సున్నం లేదా తెల్లని కూల్‌రూఫ్ పెయింటు వేస్తే ఎండ చాలావరకు వెనక్కి మళ్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది.

ఫ్యాను: పాత సీలింగ్ ఫ్యానుకు సుమారు 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యానుకు 35 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు వాడితే ఒక్కోదానిపై నెలకు 14 యూనిట్లు మిగులుతాయి.

కూలరు: కిటికీ వెలుపల అమర్చి, ఎదుటి కిటికీ కొద్దిగా తెరవాలి. గాలి బయటకు పోయే దారి లేకుంటే ఉక్కపోత పెరుగుతుంది.

ఏసీ: 24 డిగ్రీల కంటే తగ్గించరాదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) అంచనా. ఫిల్టరును తరచూ శుభ్రం చేయాలి.

రీడింగు తీసిన 15 రోజులకు మీటరు చూసుకోవాలి. అప్పటికే 100 యూనిట్లు దాటితే వాడకం తగ్గించుకోవడం మేలు.