వయస్సును, మందుయొక్క మోతాదును

నాది నల్లగొండ జిల్లాలోని నిడమనూరు. చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను, వైద్యుడను గాను. రెండేండ్ల క్రిందట మా అక్కగారికి అండాశయపు క్యాన్సరు తిరుగబెట్టెను. "డెబ్బది రెండేండ్లు దాటిన మనిషికి మరల ఆ సూదులేల? ఊరకే హింస" యని ఇంటిలో అందఱికన్న ముందు పలికినవాడను నేనే. ఆ మాట యెంత తొందరపాటుదో పిమ్మట చదివిన చరిత్రవలన నాకు బోధపడినది. ఆ చరిత్రనే మీకు విన్నవించెదను.

మన పెద్దలు రాచపుండు అనెడి ఈ వ్యాధికి తొలుత శస్త్రమును, తరువాత రేడియమును తప్ప వేరు గతి లేకుండెను. మందుతో దీనిని లొంగదీయవచ్చునని 1940వ దశకమున తేలెను. అందు తెలుగువారికి గొప్ప భాగము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా కేగి, పిదప లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకులైరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధియైన అమినోప్టెరిన్ అను మందును సిద్ధపఱచెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు ఆ మందును రక్తపు క్యాన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. అయితే ఆ మందు పిల్లల నోటిని పుండ్లు సేయుచుండెను. రోగమును చంపు మందు రోగిని గూడ బాధించునని ఆదిలోనే తెలియవచ్చినది.

అండాశయపు క్యాన్సరునకు ముఖ్యమైన మందు ప్లాటినము అను లోహమునుండి వచ్చినది. 1965లో అమెరికాలో రోసెన్‌బర్గు అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులపై విద్యుత్తును పరీక్షించుచు, ప్లాటినము పలకలనుండి వెలువడిన పదార్థము వాని విభజనము నాపుట కనుగొనెను. దానివలన పుట్టిన సిస్‌ప్లాటిన్ 1978లో ఆ దేశమున అనుమతి పొందెను. అది బలమైన మందేగాని మూత్రపిండములను చెఱచును, వాంతులు విపరీతము. వృద్ధులకు అది మిక్కిలి కష్టము. దానికన్న సౌమ్యమైన కార్బోప్లాటిన్ 1989లో వచ్చెను. అదే యేట కాల్వర్టు మొదలగు వైద్యులు, దాని మోతాదును రోగి మూత్రపిండముల వడపోత శక్తినిబట్టి లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. ఇది గొప్ప మలుపు. మోతాదును నిర్ణయించునది పుట్టిన సంవత్సరము గాదు, ఈనాటి శరీరబలము.

ప్లాటినము మందు ముగిసిన ఆఱు నెలలకు పైబడి రోగము తిరుగబెట్టిన 976 మంది స్త్రీలపై జరిగిన ఒక పెద్ద పరీక్షయొక్క ఫలితములు 2010లో వెలువడెను. వారిలో 157 మంది డెబ్బదియేండ్లకు చేరినవారో, దాటినవారో. వీరిలోను ఎక్కువమంది చికిత్సను పూర్తిచేయగలిగిరి. చేతులు కాళ్ళు తిమ్మిరులెక్కుట మాత్రము పిన్నవారికన్న వీరికి అధికము. కార్బోప్లాటినుతో కూర్చెడి రెండవ మందును మార్చినచో ఆ బాధ తగ్గెను.

అట్లని బలహీనులకు ఒక్క మందే చాలునని జాలిపడుటయు సరి గాదు. తొలి చికిత్స పొందుచున్న, డెబ్బది దాటి నీరసించిన 120 మంది స్త్రీలపై జరిగిన వేఱొక పరీక్ష 2021లో ప్రకటితమైనది. అందు కార్బోప్లాటిన్ ఒక్కటే పొందినవారు, రెండు మందులు పొందినవారికన్న తక్కువ కాలము జీవించిరి. అందువలన ఆ పరీక్షను నడుమనే ఆపవలసివచ్చెను.

ఇది చదివినపుడు నాకు చరకసంహిత జ్ఞప్తికి వచ్చినది. రోగిని పది విధముల పరీక్షింపవలెనని అందు కలదు: ప్రకృతి, సారము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి మొదలగునవి. వయస్సు ఆ పదింటిలో ఒకటి, అదియు కడపటిది. నేటి వైద్యులును వృద్ధులను అట్లే పరీక్షింతురు. తానై స్నానము చేయగలదా, వండుకొనగలదా, ఎంత తినుచున్నది, జ్ఞాపకమెట్లున్నది, మనస్సు దిగులుగా నున్నదా, వేఱే మందులేవి వాడుచున్నది అని యడుగుదురు.

మా అక్కగారిని వైద్యుడు ఈ ప్రశ్నలన్నియు అడిగి, కడకు "మీ కేమి కావలెనమ్మా?" అనెను. ఆమె నా వంక చూచి, "నా సంగతి నన్నడగకుండ మీరే తేలుస్తిరా తమ్మీ?" అనినది. నేను తలవంచుకొంటిని. ఆమె చికిత్స కొప్పుకొనెను. తెల్లకణములు తగ్గి రెండుమార్లు సూది వాయిదాపడినది; వ్రేళ్ళ తిమ్మిరి యింకను కలదు. రోగము సమూలముగా పోయినదని చెప్పను. తిరుగబెట్టిన ఈ వ్యాధిలో చికిత్స పలుమార్లు దానిని అణచియుంచుటకే గదా. కాని గత యేడు బతుకమ్మను ఆమె తన చేతులతోనే పేర్చినది.

పెద్దలారా, మీ యింట ఇట్టి కష్టము వచ్చినచో వయస్సు చెప్పి తలుపు మూయకుడు. హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు ఆసుపత్రివంటి చోట్ల వైద్యులు కలరు. చికిత్స నడుమ జ్వరము వచ్చినచో తెల్లవారువఱకు ఆగక వెంటనే చూపింపుడు. తిమ్మిరులు దాచక చెప్పుడు. వద్దనుకొనుటయు రోగి హక్కే. ఆ మాట ఆమె నోటనే రావలెను. మొదట ఆమెను అడుగుడు. నేను అడుగనైతిని.