తీరమున పుకార్లు

నెల్లూరికి తూర్పున, కండలేరు కడలిలో కలియుచోట కృష్ణపట్నమున్నది. తెలుగు చోడులు నెల్లూరినేలిన 13వ శతాబ్దముననే ఇది ఓడలరేవు. రేవున సరకే కాదు, వార్తయు దిగును. అందు నిజమెంత, గాలియెంత అని తూచుకొనవలసిన అవసరము తీరవాసులకు పలుమార్లు కలిగినది.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎండెను మదరాసుపై గుండ్లు కురిపించి, నూనె తొట్లను తగులబెట్టి, చీకటిలో కలిసిపోయినది. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు కాకినాడ, విశాఖపట్నములపై బాంబులు వేసినవి. ఈ రెండును జరిగిన సంగతులు. అయితే ఆ బాంబుల వెనువెంటనే జపాను దండు మదరాసు తీరమున దిగబోవుచున్నదన్న వార్త పుట్టినది. జనమే కాదు, ప్రభుత్వమును దానిని నమ్మినది. కచేరీలు లోపలి జిల్లాలకు తరలినవి. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి పోయినవి. దండు మాత్రము రాలేదు. గోరంత నిజము వెనుక కొండంత పుకారు నడచినది.

నేటి శత్రువునకు ఓడ అక్కరలేదు. దూరముననే కూర్చుండి కంప్యూటర్లలోనికి చొరబడు హ్యాకర్లున్నారు. 2025 మే నెలలో భారత పాకిస్తానుల పోరు సాగుచుండగా, పాకిస్తాను సైబరు దాడివలన భారతదేశపు విద్యుత్ గ్రిడ్డులో 70 శాతము నిలిచిపోయినదని ప్రచారము లేచినది. కేంద్ర ప్రభుత్వపు పత్రికా సమాచార కార్యాలయము అది అసత్యమని ప్రకటించినది. ఆదంపూరులోని ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థ ధ్వంసమైనదన్న మాటయు అప్పుడే వినవచ్చినది. మే 13న ప్రధానమంత్రి అచ్చటికి వెళ్లినప్పటి ఛాయాచిత్రములలో ఆయన వెనుక ఎస్-400 వాహనము కనబడుచునే యున్నది.

ప్రభుత్వము కాదన్నది గనుక కాదనుట చాలదు. గ్రిడ్డు సంగతి కృష్ణపట్నమునుండియే తూచవచ్చును. ఇచ్చట నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రమున్నది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యంత్రములు మూడు. మూడవది 2022లో జాతికి అంకితమైనది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు తీగద్వారా దక్షిణ గ్రిడ్డు మిగిలిన దేశపు గ్రిడ్డుతో కలిసినది. నాటినుండి పంజాబు యంత్రమైనను, నేలటూరి యంత్రమైనను సెకనుకు 50 ఆవర్తనముల ఒకే లయను పట్టవలసినదే. దేశమున 70 శాతము కూలినచో ఆ లయ తప్పును. నేలటూరి వారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు కూలినప్పుడు సుమారు 60 కోట్ల జనులున్న ప్రాంతములకు కరెంటు పోయినది. రైళ్లు దారిలో నిలిచిపోయినవి. అంత చీకటిని దాచగల ప్రకటన ఏది?

చిన్న చొరబాటు మాట వేరు. అది కంటికి కనబడదు. అచ్చట ప్రభుత్వపు మాటను కూడ గీటురాతిపై గీచి చూడవలసినదే. తమిళనాటి కూడంకుళము అణువిద్యుత్కేంద్రములోనికి హ్యాకర్లు చొరబడిరన్న వార్త పొక్కగా, యంత్రములను నడుపు వ్యవస్థపై సైబరు దాడి అసాధ్యమని 2019 అక్టోబరు 29న కేంద్రము వారు ప్రకటించిరి. మరునాడే అణువిద్యుత్ సంస్థ వేరొక ప్రకటన చేసినది. చెడు ప్రోగ్రాము దొరికిన మాట నిజమే. అయితే అది దొరికినది ఇంటర్నెట్టుతో కలిసిన కార్యాలయపు కంప్యూటరులో. రియాక్టరు వ్యవస్థ దానికి వేరుగ నున్నది, అని.

రియాక్టరే శత్రువు చేత చిక్కినదనుకొన్నవారును, ఏమియు జరుగలేదనుకొన్నవారును సమానముగ పొరబడిరి. ఆ రెండవ ప్రకటనలోనే మరియొక మాట యున్నది. దేశపు సైబరు రక్షణ సంస్థ ఆ సంగతిని సెప్టెంబరు 4ననే తెలియజేసినదట. ప్రజలకు తెలియుటకు ఎనిమిది వారములు పట్టినది.